దిగని ఫోటోలు

గురువారం పూట హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌కి వెళ్ళినవాళ్ళకి తెలుసు, అక్కడ వస్తువులకి విడివిడిగా పేర్లుండవు. తాళంచెవి లేని తాళాలు, ముళ్ళు ఊడిన వాచీలు, ఏ మిక్సీదో తెలియని మూత, అన్నీ కలిపి "సామాన్" అంతే. గోనెపట్టా మీద పోసిన అలాంటి ఒక కుప్పలో నాకు బొటనవేలంత నల్లటి లోహపు డబ్బా కనిపించింది. ముందు ఒక గాజుకన్ను ఉంది. వెనక మూసేసి ఉంది. రెండో కన్ను పక్కన ఉంది. "తలుపుకి పెట్టే కన్ను సార్, బయట ఎవరొచ్చిండ్రో కనబడతది" అన్నాడు అమ్మే అతను చాలా నమ్మకంగా. 500 అడిగి, బేరమాడితే 300కి ఇచ్చాడు.

అది తలుపు కన్ను కాదని నాకు తెలుసు. అలాంటిదాన్ని అంతకుముందు ఒక పెయింటింగ్‌లో చూశాను. బెన్ షాన్ అనే అమెరికన్ చిత్రకారుడు 1939లో తన బొమ్మ తనే వేసుకున్నాడు, అందులో అతని చేతిలో లైకా కెమెరా ఉంటుంది, ఆ కెమెరా మీద ఇలాంటి డబ్బా ఉంటుంది. లంబకోణ వ్యూఫైండర్. మనిషి ఒకవైపు తిరిగి నిలబడి, తొంభై డిగ్రీల పక్కన ఉన్నవాళ్ళని ఫోటో తీయడానికి పనికొచ్చే సాధనం. ఆ బజారు మనిషి చెప్పినదాంట్లోనూ పెద్ద అబద్ధమేమీ లేదని తర్వాత అనిపించింది. అవతలి మనిషికి తెలియకుండా చూడటానికే కదా రెండూనూ.

మన కవిత్వంలో ఓరచూపు, కడగంటి చూపు, క్రీగంటి చూపు అని ఎన్ని మాటలున్నాయో. దాదాపు అన్నీ నాయికల ఖాతాలోనే. ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో న్యూయార్క్ వీధుల్లో ఆ చూపు కొందరు ఫోటోగ్రాఫర్ల చేతికి వచ్చింది. అక్కడ అది శృంగారం కాదు, పని. ఆ పని ఎలా మొదలైంది, దాంట్లో మంచెంత, మోసమెంత అన్నదే ఈ వ్యాసం. నేను కూడా ఆ పని కొన్నాళ్ళు చేశాను కాబట్టి, తీర్పు చెప్పే హోదా నాకు లేదని ముందే చెప్పేస్తున్నాను.

*

ముందు ఆ డబ్బా ఏం చేస్తుందో చూద్దాం. ఫిల్మ్ కెమెరా అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఎస్సెల్లార్. దాంట్లో కంటికి కనిపించేది లెన్సులోంచి వచ్చిన బొమ్మే. రేంజ్‌ఫైండర్ అలా కాదు. లెన్సు దారి లెన్సుది, కంటి దారి కంటిది. కెమెరా పైభాగంలో ఒక చిన్న కిటికీ ఉంటుంది, దాంట్లోంచి చూస్తాం. అది లెన్సు పక్కనుంచి చూసే చూపే తప్ప లెన్సు చూపు కాదు. అందుకే ఆ కిటికీ నచ్చకపోతే ఇంకో కిటికీ తెచ్చుకోవచ్చు. కెమెరా నెత్తి మీద చిన్న గాడి ఉంటుంది, యాక్సెసరీ షూ అంటారు. దాంట్లోకి ఏ వ్యూఫైండర్ అయినా దూర్చుకోవచ్చు.

లంబకోణ వ్యూఫైండర్ లోపల ఉండేది నలభై ఐదు డిగ్రీల వాలులో ఒక అద్దం, లేదా ఒక పట్టకం. పెరిస్కోపులో సగం అనుకోండి. నేను కిరాణా కొట్టు వైపు తిరిగి కెమెరా కంటి దగ్గర పెట్టుకుంటాను. లెన్సు మాత్రం నా ఎడమ భుజం వైపు ఉన్న టీ బండిని చూస్తుంటుంది. లెన్సు దాగి ఏమీ ఉండదు, బహిరంగంగానే ఉంటుంది. కానీ జనం చూసేది మనిషి మొహం ఎటుందో. "ఎవడో కెమెరాతో కుస్తీ పడుతున్నాడు" అనుకుని వాళ్ళ పనిలో వాళ్ళుంటారు.

వినడానికి తేలికే. నా దగ్గరున్న పాత జోర్కి-4కి ఆ డబ్బా తగిలించి మొదటి రోల్ తీస్తే, సగం ఫ్రేముల్లో మనుషులు అంచున తెగిపోయారు. అద్దం కాబట్టి కుడి ఎడమ, ఎడమ కుడి. మనిషి ఇటు నుంచి అటు పోతుంటే డబ్బాలో అటు నుంచి ఇటు వస్తుంటాడు. అతన్ని పట్టుకోవడానికి కెమెరా తిప్పితే ఇంకా దూరం పారిపోతాడు. మంగలి షాపులో అద్దంలో చూసుకుంటూ సొంతంగా జుట్టు కత్తిరించుకోబోతే ఎలా ఉంటుందో అలా.

రెండో చిక్కు ఫోకస్. రేంజ్‌ఫైండర్ గొప్పతనమంతా రెండు బొమ్మల్ని ఒకదానిమీద ఒకటి కలిపి దూరం కొలవడంలో ఉంది. అది చూడాలంటే కెమెరా సొంత కిటికీలోనే చూడాలి. పక్క డబ్బాలో చూస్తే ఆ సౌకర్యం పోయినట్టే. ఇక దూరం మనసులో అంచనా వేసుకుని లెన్సు మీద అంకె తిప్పుకోవాలి. 50 మిల్లీమీటర్ల లెన్సుని ఎఫ్-11 దగ్గర పెట్టి, దూరం 4 మీటర్లకి తిప్పి వదిలేస్తే, సుమారు రెండున్నర మీటర్ల నుంచి ఎనిమిది మీటర్ల దాకా ఉన్నవన్నీ తేటగానే వస్తాయి. వీధిలో ఒక పక్క నుంచి మరో పక్కకి సరిపోయే దూరం. పలచటి ఎండ ఉంటే, 400 స్పీడు ఫిల్మ్ ఉంటే చాలు. మిగిలింది మెడ తిప్పకుండా ఉండే ఓపిక. అదే అన్నిటికన్నా కష్టం.

*

చాటుగా ఫోటో తీయాలన్న కోరిక లైకా కన్నా చాలా పాతది. గాజు పలకల మీద పొడి రసాయనం పూసి అమ్మడం మొదలై, కెమెరా చేతిలో పట్టుకునేంత చిన్నదయ్యాక, 1880లలో "డిటెక్టివ్ కెమెరాలు" వచ్చాయి. పుస్తకంలా, పొట్లంలా, చేతిసంచిలా కనిపించే కెమెరాలు. 1886లో వచ్చిన స్టర్న్ కెమెరాని చొక్కా మీద వేసుకునే వెయిస్ట్‌కోటు లోపల దాచుకునేవాళ్ళు. బొత్తాం కంతలోంచి లెన్సు బయటికి చూసేది. గుండ్రటి గాజు పలక మీద ఆరు గుండ్రటి బొమ్మలు పడేవి. లండన్‌లో పాల్ మార్టిన్ 1890లలో చంకలో పొట్లంలా కనిపించే కెమెరాతో వీధి జనాన్ని, సముద్రతీరంలో సరదాకి వచ్చినవాళ్ళని తీశాడు. అప్పటిదాకా ఫోటో అంటే కదలకుండా కూర్చునే క్రతువు. కూలివాళ్ళు బరువు దించుకుంటున్నప్పుడు, ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటున్నప్పుడు ఎలా ఉంటారో ఆ పొట్లం వల్లే బొమ్మకెక్కింది.

న్యూయార్క్‌లో 1916లో పాల్ స్ట్రాండ్ ఇంకో ఉపాయం చేశాడు. తన పెద్ద కెమెరాకి పక్కన ఒక దొంగ లెన్సు బిగించాడు. అది అటు చూస్తుంటుంది, అసలు లెన్సు అతని చేయి కింద నుంచి ఇటు చూస్తుంటుంది. అలా తీసినవాటిలో అందరికీ తెలిసింది అంధురాలి ఫోటో. మెడలో "బ్లైండ్" అని రాసిన అట్ట, పైన వీధిలో అమ్ముకోవడానికి ఇచ్చిన లైసెన్సు బిళ్ళ. ఒక కన్ను మూసి ఉంటుంది, ఇంకోటి ఎటో చూస్తున్నట్టుంటుంది. 1917లో 'కెమెరా వర్క్' పత్రిక చివరి సంచికలో అది అచ్చయింది. ఆధునిక ఫోటోగ్రఫీ అక్కడ మొదలైందని చెప్పేవాళ్ళున్నారు.

ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకొకటి తట్టి, మింగుడుపడదు. చూపు లేని మనిషిని తీయడానికి దొంగ లెన్సు ఎందుకు? ఆవిడకి ఎలాగూ కనపడదు కదా. అంటే ఆ ఏర్పాటు ఆవిడ కోసం కాదేమో, చుట్టూ ఉన్నవాళ్ళ కోసం. లేదా స్ట్రాండ్ తన కోసం తను చేసుకున్న ఏర్పాటు. నేను చూడటంలేదు, కెమెరా చూస్తోంది అనుకోవడానికి.

*

1925లో లైప్‌జిగ్ వసంత సంతలో లైకా బయటికొచ్చింది. సినిమా రీలునే వాడి, 24 బై 36 మిల్లీమీటర్ల ఫ్రేములు 36 తీసే కెమెరా. జేబులో పడుతుంది, షట్టర్ చప్పుడు తక్కువ. 1932లో వచ్చిన రెండో మోడల్‌కి లెన్సుతో జతపడ్డ రేంజ్‌ఫైండర్ కూడా వచ్చేసింది. లైట్జ్ కంపెనీ దానికి తగిలించే సరంజామా బోలెడు తయారుచేసింది. తంతి ద్వారా ఆర్డర్లు పంపడానికి వీలుగా ఒక్కోదానికీ అయిదక్షరాల కోడ్ పేరు పెట్టింది. జర్మన్‌లో లంబకోణ వ్యూఫైండర్‌ని వింకెల్‌జూకర్ అంటారు, కోణంతో వెతికేది అని. దాని కోడ్ పేరు "వింటు".

మొదటిసారి ఆ పేరు చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. చూడటానికి చేసిన సాధనానికి "వింటూ" అని పేరు! జర్మన్ కంపెనీకి తెలుగు తెలిసే అవకాశం లేదు. అయినా ఆ మాట అప్పటినుంచీ నాలో ఎక్కడో ఉండిపోయింది.

ఇక బెన్ షాన్. 1898లో లిథువేనియాలో కోవ్నో పట్టణంలో పుట్టాడు, ఇప్పుడు దాన్ని కౌనస్ అంటారు. 1906లో కుటుంబంతో న్యూయార్క్ చేరాడు. బ్రూక్లిన్‌లో పెరిగాడు, లిథోగ్రఫీ వర్క్‌షాపులో అక్షరాలు దిద్దుతూ పని నేర్చుకున్నాడు. సాకో, వాంజెట్టీ అనే ఇద్దరు ఇటాలియన్ వలస కార్మికుల మరణశిక్ష మీద 1931-32లో వేసిన బొమ్మలతో పేరొచ్చింది. 1933లో రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో డియెగో రివేరా గోడచిత్రం వేస్తుంటే సహాయకుడిగా పనిచేశాడు. లెనిన్ బొమ్మ ఉందని తర్వాత పగలగొట్టించేసిన గోడ అది.

వీధిలో మనుషుల్ని స్కెచ్ వేసుకునే తీరిక దొరకడంలేదని అతను ఫోటోలవైపు వచ్చాడు. కెమెరా కొనిపెట్టింది సోదరుడు. మొదటి రోల్‌లోంచి ఒక ఫోటో అయినా పత్రికలో పడకపోతే కెమెరా తిరిగిచ్చేస్తానని పందెం కాసి గెలిచానని షాన్ తర్వాత చెప్పుకున్నాడు. ఫోటోగ్రఫీ పాఠం చెప్పింది వాకర్ ఎవాన్స్. ఇద్దరూ గ్రీనిచ్ విలేజ్‌లో కలిసి ఉన్న రోజులవి. ఎండలో ఎఫ్ ఎంత, నీడలో ఎఫ్ ఎంత, నిదానపు షట్టర్‌కి చెయ్యి కదపకు. షాన్ గుర్తుచేసుకున్న ప్రకారం పాఠం మొత్తం అంతే. ఎవాన్స్ హడావుడిగా ప్రయాణంలో ఉన్నాడట.

షాన్‌కి టెక్నిక్ మీద మోజు లేదు. అతనికి కావాల్సింది మనుషులు ఎలా నిలబడతారు, చేతులు ఎక్కడ పెట్టుకుంటారు, ఉద్యోగం లేని మనిషి భుజం ఏ వాలులో ఉంటుంది అన్నది. అమెరికాలో మాంద్యం నడుస్తున్న కాలం. పనిలేని మగవాళ్ళు పద్నాలుగో వీధిలో, లోయర్ ఈస్ట్ సైడ్‌లో గుమ్మాల ముందు నిలబడి ఉండేవాళ్ళు. కెమెరా ఎత్తగానే ఆ భుజం సర్దుకుంటుంది. మనిషి పరువు కప్పుకుంటాడు. అందుకని పక్కచూపు డబ్బా.

1935లో రీసెటిల్‌మెంట్ అడ్మినిస్ట్రేషన్ అతన్ని చిత్రకారుడిగా ఉద్యోగంలోకి తీసుకుంది. గ్రామాల పరిస్థితి స్వయంగా చూసి రమ్మంది. బెర్నార్డా బ్రైసన్‌తో కలిసి కారులో బయల్దేరాడు. వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల ఊళ్ళు, కెంటకీ, టెన్నెసీ, ఆర్కాన్సా పత్తిచేలు, మిసిసిపీ, లూసియానా. మోర్గన్‌టౌన్‌లో సమ్మె జరుగుతుంటే కాపలాకొచ్చిన షెరీఫ్‌ని తీశాడు. ఆర్కాన్సాలో పులాస్కీ కౌంటీలో పత్తి ఏరేవాళ్ళని తీశాడు. ఈ ఫోటోలన్నీ రాయ్ స్ట్రైకర్ నడిపే విభాగానికి చేరాయి. 1937లో ఆ సంస్థ పేరు ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్‌గా మారింది. వాళ్ళు పోగుచేసిన నెగెటివ్‌లు ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, ఎవరైనా ఇంట్లో కూర్చుని చూడొచ్చు.

నేను అలా రాత్రిళ్ళు కూర్చుని చూశాను. ఆ ఫోటోల కింద ఊరి పేరు, జిల్లా పేరు, నెల ఉంటాయి. మనిషి పేరు చాలా వాటికి ఉండదు. "పత్తి ఏరేవాళ్ళు." "పునరావాస లబ్ధిదారు." మన ప్రభుత్వ రికార్డులు చదివినట్టే ఉంటుంది.

*

హెలెన్ లెవిట్ 1913లో బ్రూక్లిన్‌లో పుట్టింది. 1937 ప్రాంతంలో ఈస్ట్ హార్లెమ్ పిల్లలకి బొమ్మలు వేయడం నేర్పే పనిలో ఉండగా, దారిలో పేవ్‌మెంట్ల మీద పిల్లలు సుద్దతో వేసిన బొమ్మలు ఆమె కంట్లో పడ్డాయి. వాటిని ఫోటోలు తీయడం మొదలుపెట్టి, వాటిని వేసిన పిల్లల దగ్గర ఆగిపోయింది. ఆమె కూడా లైకాకి లంబకోణ వ్యూఫైండర్ తగిలించింది. ముసుగులు వేసుకుని మెట్ల మీద నిలబడ్డ పిల్లలు, పగిలిన నిలువుటద్దపు చట్రం పట్టుకున్న ఇద్దరు అబ్బాయిలు, కింద గాజు పెంకులేరే ఇంకొందరు. పిల్లలకి కెమెరా సంగతి తెలిస్తే ఆట ఆపి వరుసలో నిలబడతారు. మన ఊళ్ళో సెల్‌ఫోన్ ఎత్తగానే వేళ్ళతో వి ఆకారం పెట్టినట్టు. లెవిట్ ఫోటోల్లో ఆట ఆగదు. 1943లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆమె తీసిన పిల్లల ఫోటోలతో ప్రదర్శన పెట్టింది.

ఆమె స్నేహితుడు, షాన్ గురువు అయిన వాకర్ ఎవాన్స్ ఇంకో అడుగు ముందుకెళ్ళాడు. 1938 నుంచి 1941 దాకా న్యూయార్క్ సబ్‌వే రైళ్ళలో కోటు కింద కాంటాక్స్ కెమెరా దాచి, బొత్తాల మధ్యనుంచి లెన్సు బయటికి పెట్టి, చొక్కా చేతిలోంచి కేబుల్ లాగి ఎదురు సీటువాళ్ళని తీశాడు. కొన్నిసార్లు లెవిట్ తోడు వెళ్ళేది. ఇక్కడ పక్కచూపు కూడా లేదు, అసలు చూపే లేదు. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టకుండా తీసినవి. ఆ మొహాలు చూస్తే భయమేస్తుంది, ఎవరూ మనల్ని చూడటంలేదనుకున్నప్పుడు మన మొహం అలాగే ఉంటుందా అని. ఎవాన్స్ వాటిని వెంటనే పుస్తకంగా వేయలేదు. 'మెనీ ఆర్ కాల్డ్' వచ్చింది 1966లో. పాతికేళ్ళు ఆగాడు. ఆ ఆగడంలోనే ఒక ఒప్పుకోలు ఉందని నాకనిపిస్తుంది.

షాన్ ఒప్పుకోలు వేరు. అతను, బెర్నార్డా కలిసి బ్రాంక్స్ పోస్టాఫీసుకి గోడచిత్రాలు వేస్తుంటే, అందులో వాల్ట్ విట్మన్ వాక్యాలు పెట్టాలనుకున్నారు. అవి మతవ్యతిరేకమని ఒక జెసూట్ ఫాదర్ బహిరంగంగా ఖండించాడు. గొడవ ముదిరి, విట్మన్‌వే ఇంకో వాక్యాలు రాయాల్సి వచ్చింది. ఆ వేడిలో వేసిన బొమ్మే నేను మొదట చెప్పిన 1939 నాటి పెయింటింగ్. చర్చికి వెళ్ళేవాళ్ళు, చర్చి ముందు ప్రసంగం బోర్డు, ప్రభుత్వం కళలో అధర్మాన్ని పోషిస్తోందా అన్న ప్రశ్న దాని మీద. పక్కన కెమెరాతో షాన్, ఆ కెమెరాకి లంబకోణ వ్యూఫైండర్.

చూడండి, ఫోటోల్లో అన్నేళ్ళు దాచిన ఉపాయాన్ని రంగుల్లో తనే బయటపెట్టుకున్నాడు. చర్చివాళ్ళని ఎగతాళి చేసే బొమ్మే అది. కానీ తనని వదిలేసి వాళ్ళొక్కళ్ళనే వేస్తే సరిపోయేది. అలా చేయలేదు. వాళ్ళతో పాటు తనూ ఫోటో దిగాడు.

*

ఈ "దిగడం" అన్న మాట గురించి కొంచెం చెప్పాలి. తెలుగులో ఫోటోకి రెండు క్రియలున్నాయి. ఫోటోగ్రాఫర్ ఫోటో తీస్తాడు. ఎదురుగా ఉన్నవాళ్ళు ఫోటో దిగుతారు. పెళ్ళిలో దిగిన ఫోటో, తిరుపతిలో దిగిన ఫోటో, డిగ్రీ అయ్యాక స్టూడియోలో దిగిన ఫోటో. దిగడం ఆ మనిషి సొంత పని. బండి దిగినట్టు, చెరువులోకి దిగినట్టు, కోరి అందులోకి వస్తాడు. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని భయపడ్డ మా నానమ్మ కూడా మనవడి పెళ్ళిలో పట్టుచీర మార్చుకుని వచ్చి దిగింది. నరుడి దృష్టికి నల్లరాయి పగులుతుందని నమ్మే మనుషులం మనం. అయినా దిగుతాం. దిగడంలో మన ఇష్టం ఉంది కాబట్టి దిష్టి తగలదని కాబోలు.

లంబకోణ వ్యూఫైండర్‌తో వచ్చినవి తీసిన ఫోటోలే తప్ప, దిగిన ఫోటోలు కావు. అందులో ఎవరూ దిగలేదు.

అలాగని ఎదురుగా నిలబడి తీస్తే లెక్క సరిపోతుందా అంటే అదీ లేదు. 1936 మార్చిలో కాలిఫోర్నియాలో నిపోమో దగ్గర బఠాణీ కూలీల శిబిరంలో డోరతియా లాంగ్ ఒక తల్లిని ఫోటో తీసింది. 'వలస తల్లి' పేరుతో ప్రపంచానికంతా తెలిసిన ఫోటో. లాంగ్ దగ్గర ఉన్నది పెద్ద గ్రాఫ్లెక్స్ కెమెరా, దాచే పనే లేదు. దగ్గరికెళ్ళి మాట్లాడి తీసింది. పేరు మాత్రం అడగలేదు. ఆ తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, ఒక విలేకరి వెతికి పట్టుకున్నాక. ఆ ఫోటో తీయకపోయి ఉంటే బాగుండేదని ఆమె అంది. పైసా రాలేదని, పేరైనా అడగలేదని అంది. ఎదురుచూపు కూడా మనిషిని దాటుకుని పోగలదు. కాబట్టి తప్పంతా ఆ చిన్న అద్దానిదే అనడానికి నాకు నోరు రాదు.

*

నా సంగతి. సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో ఆదివారం పొద్దున్నే వెళ్ళి ఆ డబ్బాతో తీసేవాడిని. ఉల్లిపాయల బస్తాలవైపు మొహం పెట్టి, పక్కన ఆకుకూరలమ్మే వరుసని. ఒకరోజు అక్కడ ఒక అవ్వ పుంటికూర కట్టల మధ్య కూర్చుని, నుదురు అరచేతిలో పెట్టుకుని ఉంది. ఇంకో చెయ్యి ఒళ్ళో వెల్లకిలా. వెలుగు కొంగు మీద పడి ఆగింది. నొక్కాను. ఫిల్మ్ కడిగాక చూస్తే నా జన్మలో నేను తీసిన మంచి ఫోటో అదే. షాన్ ఆ చేతిని చూస్తే మెచ్చుకునేవాడు అనుకున్నాను, పొగరుగా.

ఇద్దరు ముగ్గురు స్నేహితులకి చూపించాను. ఎగ్జిబిషన్‌కి పంపమన్నారు. పంపేముందు ఆవిడకి ఒక ప్రింట్ ఇవ్వాలనిపించింది. మంచితనం అనుకునేరు. నిజానికి నాకు కావాల్సింది ఆవిడ కూడా బాగుందనడం.

ఎనిమిది బై పన్నెండు ప్రింట్ వేయించి తీసుకెళ్ళాను. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని, ప్రింట్‌ని దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇదెప్పుడు తీసినవ్ బిడ్డా?"

"మూడు వారాలైంది అవ్వా."

"ఆ దినం మా చెల్లె పోయిందని ఫోన్ వచ్చింది. సరుకు మిగిలిందని కూసున్న. లేకుంటే పోతుంటి." కాసేపు ఆగి, "నువ్వు నా దిక్కు చూడనే లేదు గద. ఎట్ల తీసినవ్?" అంది.

సంచిలోంచి కెమెరా తీసి ఆ డబ్బా చూపించాను. కన్ను పెట్టి చూసింది. పక్కనున్న నిమ్మకాయల బండి కనబడింది కాబోలు, ఒకసారి అటు తిరిగి చూసి మళ్ళీ డబ్బాలో చూసింది. "మంచిగనే ఉంది" అంది. కోపం లేదు ఆ మాటలో. అది ఉంటే నాకు తేలికయ్యేది.

"అడిగితే నవ్వుతుంటి గద బిడ్డా. ఇంత ఏడుపు మొహం ఎందుకు తీసినవ్? నేనైతే ఫోటో దిగలే. నువ్వే తీసుకున్నవ్."

అడిగితే ఆ ఫోటో రాదు. ఆ సంగతి నాకు తెలుసు, షాన్‌కి తెలుసు, లెవిట్‌కి తెలుసు. అడక్కపోతే అది ఆవిడది కాదు. నేను ఆవిడ చెయ్యిని చూశాను, భుజాన్ని చూశాను, వెలుగుని చూశాను. చెల్లెలి సంగతి నాకెలా తెలుస్తుంది? నా డబ్బా పేరు ఒకప్పుడు "వింటు" అయితే అయిందిగానీ, దానికి వినబడదు.

"ఇప్పుడు దిగుతారా?" అనడిగాను. "గిట్లనా?" అంటూనే లేచింది. కొంగు సర్దుకుంది, వెంట్రుకలు తడిచేత్తో వెనక్కి దువ్వుకుంది, కూరకట్టలు పక్కకి జరిపించింది. పక్కన మిరపకాయలమ్మే ఆవిడని పిలిచి తోడు నిలబెట్టుకుంది. డబ్బా తీసేసి కెమెరా సొంత కిటికీలోంచి చూశాను. రెండు బొమ్మలు కలిపి ఫోకస్ చేశాను. నవ్వుతానన్న మనిషి, కెమెరా ఎత్తగానే పెదాలు బిగించి, చేతులు రెండు పక్కలా పెట్టుకుని, పాత స్టూడియోల్లో నిలబడ్డట్టు నిటారుగా నిలబడింది. నవ్వమని చెబుదామనుకుని ఊరుకున్నాను. అలా దిగాలనుకుంది, దిగింది.

తర్వాతి ఆదివారం ఆ రెండో ఫోటో ఇస్తే చూసుకుని మురిసిపోయింది. ఫ్రేము కట్టిస్తానంది. మొదటిది ప్లాస్టిక్ కవర్లో దాచి తెచ్చింది, నాకు తిరిగిచ్చేసింది. "ఇది నువ్వే ఉంచుకో. మా ఇంట్ల వద్దు."

ఆ ఫోటో ఎగ్జిబిషన్‌కి పంపలేదు. పంపకపోవడం గొప్ప అని కూడా అనుకోవడం లేదు. షాన్ ఇలాగే అనుకుని ఉంటే 1935లో ఆర్కాన్సాలో పత్తి ఏరిన మనుషులు ఎలా నిలబడ్డారో ఈరోజు నాకు తెలిసేది కాదు, తెలియడం మంచిదే అని ఇప్పటికీ అనుకుంటాను. ఆ పత్తిచేలో ఎవరైనా ప్రింట్ చూసి ఏమన్నారో మాత్రం ఆ ఫోటోల కింద రాసిలేదు. ఇక్కడ ఆవిడ చెప్పింది, నేను విన్నాను. విన్నాక ఇంకోలా చేయడం కుదరలేదు, అంతే.

డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది. గోడల్ని, పిల్లుల్ని, నా స్నేహితుల్ని తీస్తాను. స్నేహితులకి తర్వాత చెబుతాను, తిడతారు.

ఇలాంటి వ్యాసానికి ఫోటో ఉండాలి కదా అని మీకు అనిపించొచ్చు. బెన్ షాన్ ఫోటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో తేలిగ్గానే దొరుకుతాయి, వెతికి చూడండి. అవ్వ మొదటి ఫోటో నా అల్మారాలో కవర్లో ఉంది. రెండోది ఆవిడ ఇంట్లో గోడ మీద ఉంది.